రొట్టె ఎవరి చేతిది?

బడి వదిలి ఇంటికి వచ్చే దారిలో జొన్న రొట్టెలు కొనడం నాకు ఎప్పటి నుంచో అలవాటు. నంద్యాలలో దీపాలు పెట్టే వేళకి చాలా వీధుల మొదట్లో ఒక పొయ్యి వెలుగుతుంది. పొయ్యి మీద ఇనుప పెనం, పక్కన నీళ్ల గిన్నెలో తడిగుడ్డ, బేసిన్ నిండా పిండి, వాటి ముందు ఒకామె. చుట్టూ స్కూటరు దిగకుండానే నిలబడినవాళ్లు, డబ్బా పట్టుకొచ్చిన పిల్లలు, షుగరు వచ్చిందని రాత్రిపూట అన్నం మానేసిన పెద్దవాళ్లు. ఆమె ఎవరి ముఖమూ చూడదు. "అక్కా, నాలుగు" అంటే తలూపుతుంది, అంతే. వరస వచ్చేసరికి రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెడుతుంది, వేడి అరచేతికి తగులుతుంది. ఇంటికి పోయి నేను పప్పు ఎనుపుకుంటాను, లేదంటే వంకాయ కాల్చి ఊరుబిండి నూరతాను. ఆ రాత్రి హైదరాబాదు నుంచి కూతురు ఫోను చేసి "ఏం తిన్నారమ్మా?" అంటుంది. "బయట ఎందుకు తింటాం, ఇంట్లోనే చేసుకున్నాం, రొట్టె, పప్పు" అంటాను. అన్న తర్వాత ఆ మాట నన్ను వదిలిపెట్టదు. పప్పు నేను చేశాను, సరే. రొట్టె ఎవరు చేశారు? విస్తట్లో సగం వీధి పొయ్యి మీద నుంచి వచ్చినప్పుడు దాన్ని ఇంటి వంట అనొచ్చా? అనకూడదంటే, ఏ కాలంలో మన విస్తరి పూర్తిగా మన ఇంటిదయింది?

జొన్న రొట్టె చెయ్యడం తెలిసినవాళ్లకి ఇది చిన్న ప్రశ్న కాదు. గోధుమ పిండికి ఉన్న సాగే గుణం జొన్న పిండికి లేదు. నీళ్లు మసలబెట్టి పిండిలో పోసి, చెయ్యి చురుక్కుమంటుండగానే అరచేతి మొదలుతో పిసకాలి. ముద్దను పలక మీద పెట్టి, పొడి పిండి చల్లుకుంటూ, తడుతూ తిప్పుతూ పలచన చెయ్యాలి. బలం ఎక్కువైతే అంచు చీలుతుంది, తక్కువైతే నడుమ మందంగా నిలిచిపోతుంది. పిండి పాతబడిందా, ఎంత చెయ్యి తిరిగినామె తట్టినా అంచులు చిట్లుతాయి. అందుకే పూర్వం ఏ పూటకాపూట విసురుకునేవాళ్లు. పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో తుడవాలి, ఆ తడి ఆరేలోగా తిప్పాలి, ఆఖరున నిప్పులకు ఆనిస్తే పొంగాలి. మా అవ్వ, అంటే అమ్మకు అమ్మ, ఆళ్లగడ్డ దగ్గర నల్లరేగడి పల్లెలో, కంది కట్టెల పొగలో, ఇంటిల్లిపాదికీ పనివాళ్లకూ రెండు పూటలా ఇవి తట్టేది. అమ్మకు ఆ పని పూర్తిగా వచ్చు. నాకు సగమే పట్టుబడింది, నా రొట్టె గుండ్రంగా వస్తుంది గానీ పొంగదు. నా కూతురికి ఆ అవసరమే పడలేదు. ఇళ్లలోంచి ఇలా మెల్లగా జారిపోయిన పనితనం వీధి మొగదల కూర్చున్నామె చేతిలో బతికి ఉంది. ఆమె పెట్టుబడి ఏమిటని ఆలోచిస్తే, తల్లి నేర్పిన ఆ తట్టుడు ఒక్కటే కనిపిస్తుంది. అవ్వ జీవితమంతా తట్టిన రొట్టెలకు ఎవరూ ఒక పైసా ఇవ్వలేదు. ఇస్తారన్న ఊహ కూడా ఆ ఇంట్లో ఎవరికీ తట్టి ఉండదు. అదే పనికి ఇప్పుడు వీధిలో ధర పలుకుతోంది. దీనికి నేను సంతోషించాలా, అవ్వకు దక్కనిదానికి బాధపడాలా? రెండూ నాలో ఉన్నాయి, ఏది ముందు వస్తుందో ఆ రోజును బట్టి ఉంటుంది.

అసలు నన్ను ఈ ఆలోచనలోకి ఇంకా లోపలికి దింపింది రొట్టె కన్నా శనగాకు. తెలియనివాళ్లకి చెప్పాలి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా తూర్పున నల్లమల కొండలు తోడుగా వస్తాయి. పడమట కుందూ నది దిక్కున, కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు, చూపు ఆనినంత మేర నల్లరేగడి. వానాకాలంలో తాగిన నీటిని ఆ నేల లోపల దాచుకుంటుంది. అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తితే, పైన మళ్లీ వాన పడకపోయినా, లోపలి చెమ్మతోనూ మంచుతోనూ పైరు పండుతుంది. నెల దాటిన మొక్క తల తుంచితే పక్క కొమ్మలు వేస్తుంది, కాపు పెరుగుతుంది. అంటే ఆ చిగురు రైతు ఎలాగూ తుంచాలనుకున్నదే. ఆ తుంచిన చిగురే కూర. చలికాలం పొద్దున చేనులోకి దిగితే కాళ్లకు తగిలిన శనగాకు దురద పెడుతుంది. ఆకు మీద సన్నని నూగు, ఆ నూగు కొసల్లో ఊరే పులుపు. మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలని పుస్తకాలు చెబుతాయి, కోసే ఆడవాళ్ల వేళ్లకు మాత్రం అది గోళ్ల సందుల మంట. పొద్దుగూకినాక చేని మీద తెల్లగుడ్డ పరిచి, తెల్లారి మంచుకు తడిసిన ఆ గుడ్డను పిండి, వచ్చిన పులుపు నీళ్లను సీసాల్లో పోసి దాచేవాళ్లట. కడుపునొప్పికి కాస్త నీళ్లలో కలిపి ఇచ్చేవాళ్లట. నేను ఆ సీసాను చూడలేదు. ఆకు మాత్రం ఒడి నిండా కోసుకున్నాను.

మా ఇంట్లో ఆ ఆకుతో చేసే పుల్లకూరకు "జేజి పుల్లకూర" అని పేరు. సంక్రాంతికి ఒక చోట చేరిన పిల్లలందరూ అలాగే అడుగుతారు. లేత చిగుర్లను దుమ్ము పోయేంత వరకే కడగాలి, ఎక్కువ కడిగితే పులుపంతా నీళ్ల పాలవుతుంది. కందిబ్యాళ్లు సగం ఉడికాక ఆకు వేసి, పచ్చిమిరపకాయలు, ఎర్రగడ్డలు వేసి, చింతపండు పేరుకు మాత్రం వేసి, మెత్తగా ఉడకనివ్వాలి. నీళ్లు వంచి పెట్టుకుని, ఉప్పు వేసి పప్పుగుత్తితో ఎనిపి, వంచిన నీళ్లు మళ్లీ పోసుకోవాలి. తెల్లగడ్డలు దంచి, ఎండుమిరపకాయలతో పోపు. దీన్ని మా జేజి, అంటే నాన్నమ్మ, పెట్టిన రుచిగా మా చిన్నాన్న పిల్లలు, వాళ్ల పిల్లలు చెప్పుకుంటారు. అది తప్పు మాట. జేజిది కాలువ కింది ఊరు. శనగాకు అనేది కూరకు పనికొస్తుందని పెళ్లయి నా తల్లి ఆ ఇంట్లో అడుగుపెట్టేదాకా జేజికి తెలియదు.

కాలువ అంటే కె.సి. కెనాల్. ఇక్కడ అడుగడుగునా ఆ పేరే. 1863లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు మళ్లించి కడప దాకా తవ్వడం మొదలుపెట్టింది. పంటల మీదా పడవల మీదా డబ్బు వస్తుందని వాళ్ల ఆశ. అది తీరలేదు, నల్లరేగడికి అలవాటుపడిన రైతులు చాలా ఏళ్లు ఆ నీళ్లకు చెయ్యి చాచలేదు. 1882లో ప్రభుత్వం కాలువను తీసుకుంది. తరవాత తరవాత వరి వచ్చింది, ఇళ్ల మధ్య ఒక గీత కూడా వచ్చింది. కాలువ కిందివాళ్లు వరన్నం తినేవాళ్లు, మెట్టవాళ్లు జొన్నలు తినేవాళ్లు. సంబంధాలు మాట్లాడేటప్పుడు "పిల్లకు అన్నానికి కొదవ లేదు" అంటే కాలువ కింద భూమి ఉందని అర్థం చేసుకునేవాళ్లు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఈ నీళ్లలో పండి, కర్నూలు సోనా అయి దేశమంతా తిరిగింది. జేజి ఆ గీతకు కాలువ వైపు మనిషి. మెట్ట నుంచి వచ్చిన కోడలు రొట్టె తట్టితే "కూలోళ్లకు చెయ్, ఇంట్లోకి వద్దు" అన్నదట. శనగాకు తెచ్చి ఉడకబెడితే గొడ్లు తినే ఆకు అన్నదట. అమ్మ ఆ మాటలు మాకు చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు, చాలా ఏళ్లు గడిచాయి కాబట్టి. అదే జేజి, చివరి కాలంలో జ్వరం వచ్చి నోరు చేదైనప్పుడు, "ఆ పుల్లగా ఉంటాదే, అది చెయ్ పాపా" అని అడిగి తినింది. ఆ తరవాత పండగకు వచ్చిన ఆడబిడ్డలకు తనే దగ్గర కూర్చుని పెట్టించింది. వాళ్లు అది తల్లి వంట అనుకున్నారు. పేరు అలా పడిపోయింది. అమ్మ దిద్దలేదు. ఇప్పుడు దిద్దాలా? దిద్దితే ఎవరి పేరు పెట్టాలి?

నేను ఒకసారి పట్టుబట్టి అమ్మను అడిగాను, నీకెవరు నేర్పారని. అవ్వ అంది. అవ్వను అడిగితే, అప్పటికి ఆమెకు చెవులు సరిగా వినపడవు, రెండు మూడు సార్లు అడిగించుకుని, "కలుపుకొచ్చే ఆడమనిషి" అంది. చేలో మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు ఆమె గిన్నెలో చూసిందట. అందులో కందిబ్యాళ్లు లేవు. శనగాకు ఉడకబెట్టి చిక్కదనానికి పిడికెడు జొన్న నూక వేసింది, మిరపకాయ, ఉప్పు, అంతే. అవ్వ దాన్ని ఇంటికి తెచ్చి బ్యాళ్లు చేర్చింది. అమ్మ దాన్ని కాలువ కిందికి తెచ్చింది, అక్కడ పోపు చేరింది. నేను నంద్యాల గ్యాస్ పొయ్యి మీద కుక్కరులో చేస్తున్నాను. కలుపుకొచ్చిన ఆమె పేరు అవ్వకు గుర్తులేదు. ఊరు కూడా చెప్పలేకపోయింది. "వానలు పడక ఎటో పోయినారు వాళ్లు" అంది. మేము తరతరాలుగా మా ఇంటిదని చెప్పుకునే రుచికి మొదటి చెయ్యి ఎవరిదో, ఆ చేతికి మా ఇంట్లో చోటు లేదు. ఆ రోజుల్లో ఆమె మా అవ్వ వంటింటి గడప లోపలికి వచ్చి ఉండదు కూడా, రానిచ్చి ఉండరు. ఆమె గిన్నెలోని కూర మాత్రం గడప దాటి లోపలికి వచ్చింది. ఇది తలచుకున్నప్పుడల్లా "మా ఇంటి" అనే మాట పలకడానికి నాకు నోరు రాదు.

ఇళ్ల మధ్య వంటలు ఎలా తిరుగుతాయో ఆళ్లగడ్డ వైపు చూసి తెలుసుకోవాల్సిందే. కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయలుదేరతాడు. నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, తన బ్రహ్మోత్సవాలకు తనే జనాన్ని పిలుచుకుంటాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన దేవుడు కాబట్టి చెంచులు ఆ వేటలో ముందుంటారు. స్వామి పల్లకీ వచ్చే రోజు ఊళ్లో ప్రతి ఇంటికీ చుట్టాలు దిగుతారు. సంక్రాంతికి రాలేకపోయిన ఆడబిడ్డ కూడా పారువేటకు పుట్టింటికి వస్తుంది. ఆ ముందు రాత్రి ఇంటి వెనక పంచలో భక్ష్యాలకు శనగబ్యాళ్ల పూర్ణం రుబ్బుతూ ఆడవాళ్లు మాట్లాడుకునే మాటల్లో సగం వంటలే. "మా అత్తోళ్లు దీంట్లో సొంఠి వేస్తారు." "బనగానపల్లెలో మామిడికాయ పప్పుకు తెల్లగడ్డ వెయ్యరంట." ఒకరి అత్తవారి పద్ధతి ఇంకొకరి పుట్టింటికి అలా చేరుతుంది. తెల్లారేసరికి ఎవరి పద్ధతి ఏదో కలిసిపోతుంది. అమ్మ దగ్గర మాలతీ చందూర్ వంటల పుస్తకం ఒకటి ఉండేది, అట్ట ఊడిపోయి దారంతో కుట్టింది. పుస్తకంలోది చేస్తే "పుస్తకంలోది" అని చెప్పి వడ్డించేది. పక్కింటామె దగ్గర నేర్చుకున్నదానికి మాత్రం ఆ పేరు కొన్నాళ్లే నిలిచేది. అచ్చులో ఉన్న పేరుకు దక్కే మర్యాద నోటి మాటకు దక్కలేదు.

ఇంకొంచెం వెనక్కి పోతే మన పొలం కూడా మనదేనా అనిపిస్తుంది. ఊరుబిండి అంటే ఇప్పుడు అందరికీ ముందు గుర్తొచ్చేది బుడ్డలు, అంటే వేరుశనగలు. బుడ్డలూ, మిరపకాయా రెండూ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు ఓడల కాలంలో మన వైపు వచ్చాయి. వాటికి ముందు ఈ నేల మీద రోట్లో ఏం నూరుకున్నారు? నువ్వులు, కుసుమలు, మిరియాలు, చింతపండు అయి ఉండాలి. అవ్వ చేసే నువ్వుల పొడిలో ఆ పాత రుచి కొంత మిగిలి ఉండొచ్చని నా ఊహ. ఇక రొట్టె సంగతి, పడమటికి పోతే బళ్లారి, తుంగభద్ర దాటితే రాయచూరు, ఆ పైన షోలాపూరు దాకా అదే జొన్న, అదే తట్టుడు. అక్కడివాళ్లు తమదంటారు, మనం మనదంటాం. నల్లరేగడి ఎక్కడ పరుచుకుందో రొట్టె అక్కడ ఉంది. రాష్ట్రాల గీతలు, 2022 ఏప్రిల్లో గీసిన నంద్యాల జిల్లా గీత కూడా, దానికి పట్టవు.

ఈ వంటల గురించి ప్రేమగా రాయబోయినప్పుడల్లా చెయ్యి ఆగేది ఆకలి దగ్గర. శనగాకులో జొన్న నూక ఎందుకు పడింది? బ్యాళ్లు లేక. కొర్రలూ ఆరికలూ ఎందుకు తిన్నారు? వాన రెండు సార్లు పడినా పండేవి అవే కాబట్టి. జొన్నలు పాతరలో పోసి మట్టి కప్పి ఎందుకు దాచారు? వచ్చే ఏడాది మీద నమ్మకం లేక. పాతర జొన్నలకు ఒక ముక్కవాసన ఉంటుంది, దాన్ని పోగొట్టేందుకు మిరపకాయ కారంగా, చింతపండు పుల్లగా పడింది. మనం ఇప్పుడు "సీమ కారం" అని మురిసిపోయే రుచి వెనక అది కూడా ఉందేమో. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది, జనం పాట కట్టి పాడుకున్నారు. ఆ ఊరికీ మా అవ్వ ఊరికీ ఎంతో దూరం లేదు. పదేళ్లకు 1876లో ధాత కరువు వచ్చింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. మరుసటి ఏడు ప్రభుత్వం తరఫున వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే మనిషి కూలిలో ధాన్యాన్ని రోజుకు ఒక పౌనుకు తగ్గించాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ పౌను ధాన్యాన్ని గుడిసెకు తెచ్చి, ఇంతమందికీ సరిపోయేలా నీళ్లు పోసి వండింది కూడా ఎవరో ఒక ఆడమనిషే కదా. ఏ ఆకు కలిపింది, ఏ గింజ నలగ్గొట్టింది, పిల్లలకు పెట్టి తనకెంత మిగుల్చుకుంది? వంటల చరిత్ర రాసేవాళ్లు రాజుల వంటశాలల దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. మా వైపు రుచులు పుట్టిన చోటు ఆ గుడిసె అయితే, అక్కడ నిలబడకుండా ముందుకు ఎలా పోవడం? విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట"లో రంగన్న, గంగమ్మల ఆకలి చదివిన రోజు నేను రాత్రి అన్నం తినలేకపోయాను. కుందూ నీళ్లు చివరికి కలిసేది ఆ పెన్నలోనే.

అందుకే 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని బడిలో మేము పోటీలు పెట్టి, పిల్లల చేత కొర్రల మీద వ్యాసాలు రాయించినప్పుడు నాకు అవ్వ గుర్తొచ్చింది. చివరి రోజుల్లో డాక్టరు కొర్రన్నం పెట్టమన్నాడు. అమ్మ శ్రద్ధగా వండి, మజ్జిగ పోసి, ముందు పెట్టింది. అవ్వ గిన్నె పక్కకు నెట్టింది. "గతి లేక తింటిమి. ఇంగ నా వల్ల కాదు. వరన్నం పెట్టు" అంది. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఆమె ఊళ్లో చాలా ఇళ్లలో రోజూ తెల్లన్నం ఉడికింది. పండగ నాడు మాత్రమే చూసిన అన్నాన్ని మామూలు రోజు తినడం వాళ్లకు ఎంత గౌరవమో, దాన్ని తప్పు పట్టే హక్కు నాకు లేదు. బియ్యం తినీ తినీ ఒంటికి షుగరు తెచ్చుకున్న మా తరం కొర్రల వైపు తిరగడం న్యాయమే. కానీ అవ్వ నెట్టేసిన గిన్నె కూడా న్యాయమే. కొర్రన్నం మంచిదని చెప్పే వ్యాసాల్లో ఆ గింజను రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచి పొట్టు తీసిన చేతుల మాట ఎక్కడా రాదు. ఆ పని ఇప్పుడు మరలు చేస్తున్నాయి. మర వచ్చింది కాబట్టే నేను కొర్రన్నాన్ని ప్రేమించగలుగుతున్నానా? నిజాయితీగా చెప్పాలంటే అవును. అదేమీ చిన్న విషయం కాదు. ఆడవాళ్ల నడుములు విరగకుండా ఒక తిండి తిరిగి వచ్చిందంటే నాకు అది పండగే.

ఆ తిరిగి రావడం వెనక మా ఊరు కూడా ఉంది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధన కేంద్రం 1906 నుంచి ఉంది. నరసింహ అనే పత్తి రకం అక్కడిదే. నంద్యాల తెల్లజొన్న రకాలు అక్కడివే. కొర్రల్లో సూర్యనంది, గరుడ, రేనాడు అనే రకాలు అక్కడ పుట్టాయి. మహానంది చుట్టూ ఉన్న నవనందుల్లో సూర్యనందీ, గరుడనందీ ఉన్నాయి. గుళ్ల పేర్లు గింజలకు పెట్టిన ఆ శాస్త్రవేత్తలెవరో గానీ, వాళ్ల మీద నాకు గౌరవం. మిగతా పైర్లు పోయిన ఏడాది కూడా రెండు నెలలకే చేతికొచ్చే గరుడ లాంటి కొర్ర వేసుకుంటే కొంపలో గింజ ఉంటుంది. శనగలో చాలా ఏళ్లు ఇక్కడ రాజ్యమేలింది 1999లో జబల్‌పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, ఇక్రిశాట్ కలిసి విడుదల చేసిన జె.జి. 11. తరవాత నంద్యాల కేంద్రం యంత్రంతో కోసేందుకు వీలుగా నిటారుగా పెరిగే ఎన్.బి.ఇ.జి. 47 తెచ్చింది. అవ్వ పొలంలోని పాత శనగకు ఇప్పుడు విత్తనం దొరుకుతుందో లేదో. నేను వండే పుల్లకూరలో ఆకు పాత ఆకు కాదు, పులుపు కూడా అవ్వ నాటిది కాకపోవచ్చు. అయినా అమ్మ తింటే కళ్లు మూసుకుని "అదే" అంటుంది. ఆ "అదే"లో ఆకు ఎంత, జ్ఞాపకం ఎంత అని విడదీయడానికి నాకు మనసు రాదు.

ఆకు దొరకడం మాత్రం కష్టమవుతోంది. శనగకు పురుగు తగిలితే మందు కొట్టక తప్పదు. ఇదివరకు చేని గట్టున నిలబడి "శనగాకు కోసుకుంటాం" అంటే "కోసుకోండమ్మా" అనేవాళ్లు. ఇప్పుడు రైతే ముందు చెబుతాడు, "మొన్ననే కొట్టినాం, పది దినాలు ఆగండి" అని. ఆగితే ఆకు ముదురుతుంది. ఇంటి మందం ఒక మడి మందు కొట్టకుండా వదిలే రైతులు ఉన్నారు. వాళ్లను వెతుక్కుంటూ నేను చలికాలంలో ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతాను. అలా కోసుకొచ్చిన ఆకును తడిగుడ్డలో కట్టి తెచ్చి, మిగిలింది నీడకు ఎండబెట్టి, వేసవికి దాస్తాను. ఎండాకు పులుపు వేరు, కొంచెం గడ్డి వాసన వస్తుంది, అది కూడా నాకు ఇష్టమే. రోడ్డు పక్క రొట్టెలామెకు ఒకసారి పిడికెడు ఇచ్చాను. వాసన చూసి, "మా అమ్మ దీంట్లో సజ్జపిండి చల్లేది" అంది. నేను ఆమె పొయ్యి పక్కనే నిలబడి ఎంత చల్లాలో అడిగి తెలుసుకున్నాను. కూర దించే ముందు ఒక చెంచాడు, ఉండ కట్టకుండా కలుపుతూ. అలా చేసి చూశాను. చిక్కదనం జొన్న నూక కన్నా నున్నగా వచ్చింది.

కూతురి పెళ్లయ్యేలోగా ఈ వంటలన్నీ ఒక నోటుబుక్కులో రాసి ఇవ్వాలని మొదలుపెట్టాను. కొలతల దగ్గర నాకు పెద్ద ఇబ్బంది రాలేదు, గ్లాసులూ చెంచాలూ పెట్టి సర్దుకున్నాను. ఇబ్బంది ఎవరి దగ్గర నేర్చుకున్నామో రాసేటప్పుడే వచ్చింది. భక్ష్యాల దగ్గర చిన్నమ్మ అత్తగారి పేరు, ఊరు రాశాను. బుడ్డల ఊరుబిండి అవ్వది. వంకాయ ఊరుబిండి మా పాత ఇంటి పక్కన ఉన్న హెడ్మాస్టరు గారి భార్యది, ఆవిడ ప్రొద్దుటూరు మనిషి. రొట్టెలామెను పేరడిగి సజ్జపిండి మాట కింద రాసుకున్నాను. పేరు రాస్తానంటే ఆమె ఆశ్చర్యపోయి, "నా పేరెందుకక్కా" అంటూనే ఇంటిపేరుతో సహా చెప్పింది. ఇంకా రాయాల్సినవి చాలా ఉన్నాయి, ముసలివాళ్లను తొందరగా కలవాలి. పుల్లకూర పేజీలో పైన కొట్టివేతలు ఉన్నాయి. జేజి పేరు తీసేయలేదు, అమ్మ పేరు చేర్చాను, అవ్వ పేరు చేర్చాను, వాటి కింద "కలుపుకు వచ్చిన ఆమె, సుమారు నా తల్లి పుట్టక ముందు" అని రాశాను. తయారు చేసే విధానం అక్కడి నుంచి మొదలవుతుంది. ఒకటి: చేను ఎవరిదో కనుక్కుని, మందు కొట్టారేమో అడిగి, వాళ్లు సరేనంటేనే చిగుళ్లు తుంచాలి. రెండు: ఎక్కువ కడగొద్దు.